మోచేతులు

మే నెల హన్మకొండల
ఈథర్ సీసా మూత తీస్తే పొయ్యి అక్కరలేదు,
దానంతటదే మరుగుతది.
అందుకే కాలమ్ పొద్దుగూకినంకనే పోస్త.
యాకస్వామన్న బకెట్ల ఐసు తెచ్చి పెట్టి
"మూడేండ్ల సంది ఈ ఇసుక గొట్టంల
ఏం దేవులాడుతున్నవమ్మా?" అంటడు.
జవాబు కోసం ఆగడు.

దేవులాడేది నీలం.
ఎరుపు ఎప్పుడో దొరికింది, ఆకుపచ్చ అంతకంటె ముందే.
నీలమే మొండిది,
ఎక్కువ శక్తి అడుగుతది, తక్కువ రోజులు బతుకుతది.

దీంట్ల రాగి లేదు, సిలికాన్ లేదు.
కార్బన్లు, నడుమ నడుమ ఒక నైట్రోజను,
ఒంటి బంధం, జంట బంధం, ఒంటి బంధం, జంట బంధం,
మగ్గం మీద పేక కిందికీ మీదికీ పోయినట్టు.
అయినా కరెంటు నడుస్తది.
ఒక అణువు మీంచి పక్క అణువు మీదికి
ఎండకాలం వాగుల రాయి నుంచి రాయికి దుంకినట్టు
ఎలక్ట్రాను దుంకుతది.

నలభై ఆరు చేసిన.
పన్నెండోది గోధుమరంగు బంక.
ఇరవై మూడోది ఎండల కిటికీ కాడ మర్చిపోతే
తెల్లారేసరికి ఇంకేదో అయింది.
నలభై ఆరోది మాత్రం
టొలుయిన్‌ల కరిగి, యూవీ దీపం కింద
కొత్త సిలిండర్ బిగించిన పొయ్యి మంటలెక్క
నీలంగ లేచింది.
సఫియా మేడం కండ్లద్దాలు తీసి చూసింది,
మళ్ల పెట్టుకొని చూసింది.

గాజు పలక మీద పల్చటి పొరగ తిప్పి ఆరబెడితే
బూడిద.
కరిగినప్పుడు ఒంటరిగ వెలిగినవి
గట్టిపడంగనే ఒకదాని మీద ఒకటి ఒరిగి
వెలుగును వాటిల్ల అవే మింగేసినయి.

ఆ ఆదివారం కొత్తవాడ పోయిన.
కనకయ్య పెదనాయన గోలెంల నూలు చిలపలు ముంచి తీసి
దండెం మీద టపటప కొడుతున్నడు.
జంపఖానా ఎరుపు ఆయన మోచేతుల దాక.
చిలప ఎందుకట్ల కొడుతున్నవని అడిగిన,
ఊరికే, మాట కోసం.
"పోగుకు పోగు అంటుకుంటే
రంగు లోపల్నే సస్తది బిడ్డా. జర సందియ్యాలె."
మళ్ల నీళ్ల దిక్కు తిరిగిండు.

సందు అంటే ఎంత?
మరీ దగ్గరైతే వెలుగు చస్తది,
మరీ దూరమైతే ఎలక్ట్రాను దుంకలేదు.
రాత్రి కరీంనగర్ బస్సుల నిలబడి
రెండు మోచేతులు బయటికి పెట్టుకొని
ఎవ్వరినీ మీద పడనియ్యకుండ
ఆపిన ఊపిరితోటి లెక్కేసిన.
పరకాల దాటిన ఏండ్ల సంది తెలిసిన లెక్కే అది,
కాగితం మీద ఎప్పుడూ రాయలె.

నలభై ఏడోదానికి రెండు దిక్కులా
కార్బన్ల గుబురు ఒక్కోటి అతికించిన.
నోట్‌బుక్కుల దాని అసలు పేరు ఒకటిన్నర వరుస.
మేడం కంటే ముందు నేను పెట్టుకున్న పేరు:
మోచేతులు.

మంగళారం కాజీపేట తొవ్వల ఇంజనీరింగ్ కాలేజీల
వాక్యూం మిషను మాకు మూడు గంటలు ఇచ్చిన్రు.
యాకస్వామన్న బండి మీద డబ్బా పట్టుకొని కూసున్న,
గతుకు వచ్చినప్పుడల్లా పాలకుండలెక్క పైకెత్తుకుంట.
గాజు, పొర, పొర, అల్యూమినియం.
ఐదున్నర వోల్టుల కాడ
గోరంత చదరం వెలిగింది.
నీలం.
ఎవ్వరం మాట్లాడలె.
యాకస్వామన్న వంగి, చెప్పులు విప్పిండు,
ఎందుకో ఆయనకే తెల్వదు.

పదకొండు నిమిషాలు.
అంచుల నుంచి గాలి దూరింది.
నల్ల చుక్కలు ఒకటి, మూడు, పది,
చెదలు ఎక్కినట్టు నడిమికి వచ్చినయి.
"గింతేనా?" అన్నడు.
"గింతనే."
"నిన్న ఇది కూడ లేకుండె గదా,"
అని చెప్పులు తొడుక్కున్నడు.

ఇప్పుడు పది దాటింది. ఫ్లాస్కులు కడిగి బోర్లించిన.
బయట వాన రాని ఉరుము.
కొత్త పేజీ తీసి మూలకు నలభై ఎనిమిది అని రాసిన.
దీనికి ఒక మోచెయ్యి తీసేసి చూస్త.